ఫలం మీద ఆశ వదిలేస్తే పనిలో మనసు నిలుస్తుందా?

అన్వేషి:
కొన్ని నెలలుగా గీత రెండో అధ్యాయం దగ్గరే ఆగిపోయాను. ‘కర్మణ్యేవాధికారస్తే’ అన్న 47వ శ్లోకం చాలామందికి నోటికి వచ్చిందే. పని వరకే నీ అధికారం, ఫలం మీద కాదు అంటుంది. నా ఇబ్బందంతా అక్కడే. నాకు ఏకాగ్రత అంటూ కుదిరిందంటే అది ఏదో ఒకటి గట్టిగా కావాలనుకున్నప్పుడే. ఉద్యోగం కోసం రెండేళ్లు పోటీ పరీక్షకు చదివాను. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి నన్ను లేపింది ఆ ఆశే. ఉద్యోగం రాలేదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ‘ఈసారి నిష్కామంగా చదువుదాం, వస్తే వస్తుంది, లేకపోతే లేదు’ అనుకున్నాను. వారం తిరక్కుండానే పట్టు సడలిపోయింది. పుస్తకం ముందే ఉంటుంది, మనసు మాత్రం ఎక్కడో ఉంటుంది.

ఇంకో సంగతి. అదే అధ్యాయం 37వ శ్లోకంలో ‘చస్తే స్వర్గం, గెలిస్తే రాజ్యం’ అని కృష్ణుడే అర్జునుడికి ఆశ చూపిస్తాడు. పది శ్లోకాలు తిరిగేసరికి ఫలం మీద అధికారం లేదంటాడు. మనసును ఒకచోట నిలబెట్టేది కోరికే, అది తీసేస్తే మిగిలేది బద్ధకమే అని నాకనిపిస్తోంది. తప్పయితే చెప్పండి. ‘గురువును ఆశ్రయించండి’ అని మాత్రం వదిలేయకండి.

చదువరి:
అన్వేషి గారూ, 37 తర్వాత 38 కూడా చూడండి. సుఖదుఃఖాలు, లాభనష్టాలు, గెలుపోటములు సమానంగా చూసి యుద్ధం చేయమంటాడు. స్వర్గం మాట క్షత్రియుడికి తెలిసిన భాషలో చెప్పిన మాట. అక్కడే ఆపేసి ఉంటే మీ అభ్యంతరం నిలిచేది.

అసలు మీకు జరిగింది 47లోనే ఉంది. మనం మొదటి పాదం చదివి పుస్తకం మూసేస్తాం. నాలుగో పాదం ‘మా తే సంగోఽస్త్వకర్మణి’. పని మానడం మీద కూడా నీకు మోజు వద్దు అని. ‘వస్తే వస్తుంది, లేకపోతే లేదు’ అనుకుని పట్టు వదిలేయడం నిష్కామం కాదండీ, ఆ నాలుగో పాదం వద్దన్నది అదే. పద్దెనిమిదో అధ్యాయంలో సాత్త్వికుడైన కర్తకు చెప్పిన లక్షణాల్లో సంగం, అంటే ఫలాన్ని అంటిపెట్టుకోవడం, లేకపోవడంతో పాటు ధృతి (పట్టుదల), ఉత్సాహం కూడా ఉన్నాయి. ఉత్సాహం తగ్గిందంటే వదిలింది ఫలాన్ని కాదు, పనిని.

దీపశిఖ:
చదువరి గారు చెప్పింది పుస్తకంలో బాగానే ఉంటుంది. నా అనుభవం వేరు. మంచం పట్టిన అమ్మకు మూడేళ్లు సేవ చేశాను. డబ్బు కోసం కాదు, ఆస్తి కోసం కాదు. బయటివాళ్లకు అది నిష్కామ కర్మే. లోపల మాత్రం రోజూ లెక్కలే. అన్నయ్య ఒక్కసారైనా ఫోన్ చేసి ‘నువ్వు లేకపోతే ఏమయ్యేదో’ అంటాడా అని చూసేదాన్ని. అమ్మకు దుప్పటి మారుస్తూ కూడా మనసులో వాడితో పోట్లాడుతూనే ఉండేదాన్ని.

పని మంచిదైనంత మాత్రాన మనసు శుద్ధి కాలేదు. ఆరో అధ్యాయంలో చెప్పినట్టు పారిపోయిన మనసును పారిపోయిన చోటినుంచల్లా వెనక్కి తెచ్చుకోవడం రోజూ కూర్చుని నేర్చుకున్నాకే, ఆ లెక్కలు నాకు కనిపించడం మొదలైంది. అందుకే నేననేది, ఏకాగ్రత ముందు, నిష్కామం తర్వాత. మనసు మీద పట్టు లేనివాళ్లకు ఫలం వదిలేయమని చెప్పడం ఈత రానివాణ్ణి నడి ఏట్లో దించడమే.

అన్వేషి:
దీపశిఖ గారూ, నా ప్రశ్న మీరే ఇంకా పదునుగా అడిగారు.

చదువరి:
దీపశిఖ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. దానికి ఎదురు చెప్పాలని లేదు. కానీ ‘ఏకాగ్రత ముందు’ అన్నచోట ఆగాలి. మహాభారతంలో ఏకాగ్రతకు పెట్టింది పేరు అర్జునుడు. ద్రోణుడు పెట్టిన పరీక్షలో చెట్టూ కొమ్మా కనబడలేదు అతనికి, పిట్ట తల ఒక్కటే కనబడింది. అదే అర్జునుడు కురుక్షేత్రంలో గాండీవం చేతిలోంచి జారిపోతోందన్నాడు. ‘చంచలం హి మనః కృష్ణ’ అని, గాలిని పట్టడం ఎంత కష్టమో మనసును పట్టడం అంత కష్టమని మొరపెట్టుకున్నదీ అతనే. గురి తప్పని మనిషికే ఆ గతి పట్టింది. ఎందుకంటే ఆ రోజు ఎదురుగా ఉన్నది చెక్క పిట్ట కాదు, తాత, గురువు, తనవాళ్లు.

ఇంకా భయపెట్టేది అశ్వత్థామ కథ. యుద్ధం ముగిసిన రాత్రి కృపుడు, కృతవర్మ నిద్రపోయారు, అతనికి మాత్రం కన్ను మూతపడలేదు. మర్రిచెట్టు మీద గుడ్లగూబ నిద్రపోతున్న కాకుల్ని చంపడం చూశాడు. ఆ క్షణం నుంచి అతని మనసులో ఒకటే ఆలోచన, నిద్రపోతున్న శత్రువుల్ని అలాగే చంపాలని. కృపుడు వద్దని చెప్పినా చెవికెక్కలేదు. అంతకంటే ఏకాగ్రత ఏముంటుంది? ద్రౌపది కొడుకులు ఐదుగురూ ఆ రాత్రే అతని చేతిలో పోయారు. మనసు ఒకచోట నిలవడం ఒక్కటే గొప్ప అయితే, ఆ రాత్రిని కూడా యోగం అనాలి.

అరణ్యపర్వంలో కౌశికుడు కూడా తపస్సు బాగా చేసినవాడే. కోపంగా చూస్తే కొంగ చచ్చిపడింది. ఆ తర్వాత భిక్షకు వెళితే, భర్త సేవలో ఉండి కాసేపు ఆగమన్న ఇల్లాలి మీదా కోపగించాడు. ‘నేను కొంగను కాను’ అందావిడ. ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరికి వెళ్లమంది. ఆ ఇల్లాలూ, ధర్మవ్యాధుడూ అడవిలో కూర్చున్నవాళ్లు కాదు, చేతిలో పని ఉన్నవాళ్లు.

వేదాంతంలో అందుకే మనసు దోషాలకు మలం, విక్షేపం, ఆవరణం అని వరస పెట్టారు. రాగద్వేషాల మురికి మలం, అది పోవడానికి కర్మయోగం. నిలకడలేనితనం విక్షేపం, దానికి ఉపాసన. తనను తాను ఎరగకపోవడం ఆవరణం, అది జ్ఞానంతోనే తొలగుతుంది. కర్మయోగం మొదటి మెట్టు.

దీపశిఖ:
అశ్వత్థామ మాట ఒప్పుకుంటాను, అది నాకు తట్టలేదు. వరస దగ్గర మాత్రం ఒప్పుకోను. నా మురికి నాకు కనబడింది కాస్త నిలకడ వచ్చాకే. అర్జునుడి మొరకు కృష్ణుడు ఇచ్చిన జవాబులో కూడా ‘అభ్యాసేన తు కౌంతేయ వైరాగ్యేణ చ’ అని రెండూ ఉన్నాయి. ముందు ఇది, తర్వాత అది అనలేదు. పన్నెండో అధ్యాయంలోనైతే అభ్యాసం చేతకాకపోతే నాకోసం పని చెయ్యి, అదీ చేతకాకపోతే ఫలం వదిలెయ్యి అంటూ వస్తాడు. ఫలత్యాగం అందరికీ చేతనయ్యే పని అన్నట్టు! నా వరకు అన్నిటికంటే కష్టం అదే.

చదువరి:
ఆ శ్లోకాలు నాకూ పూర్తిగా కొరుకుడు పడలేదండీ. రెండూ కలిసి నడుస్తాయంటే నాకు అభ్యంతరం లేదు. ఏకాగ్రత ఒక్కటే చాలు అంటేనే భయం.

అన్వేషి:
రెండు రోజులుగా ఇదే ఆలోచిస్తున్నాను. మొదటి పోస్టులో ఒక సంగతి రాయలేదు. నాలుగింటికి లేపింది ఆశేనన్నాను, అది నిజం. కానీ పరీక్ష హాల్లో నన్ను ముంచింది కూడా అదే. సగం పేపరు అయ్యేసరికి కటాఫ్ ఎంత ఉంటుంది, ఈసారి రాకపోతే నాన్నకు ఏం చెప్పాలి అన్న టెన్షన్ పట్టుకుంది. తెలిసిన ప్రశ్నల్లోనే ‘కానిది ఏది’ అన్న మాట చూడకుండా జవాబులు పెట్టేశాను. మనసును ఒకచోట పెట్టింది అనుకున్న ఆశే, సరిగ్గా కావలసిన గంటలో దాన్ని నలభై దారుల్లోకి లాగింది. రెండో అధ్యాయం 41వ శ్లోకంలో ‘బహుశాఖా హ్యనంతాశ్చ’ అని నిశ్చయం లేనివాళ్ల బుద్ధులకు లెక్కలేనన్ని కొమ్మలుంటాయన్నది ఇదేనేమో.

పరీక్ష పాస్ కావాలని అనుకోవడం మాత్రం మానను. అది దారి చూపిస్తుంది. చదివే గంటలో, రాసే గంటలో దాన్ని పక్కన పెట్టగలనా అన్నది చూడాలి. రేపు పొద్దున్నుంచి నాలుగింటికే లేస్తాను. దీపశిఖ గారూ, మీరు రోజూ ఎంతసేపు కూర్చుంటారు, మొదట్లో ఎంతసేపటితో మొదలుపెట్టారు?

దీపశిఖ:
పది నిమిషాలు. మొదటి నెల ఆ పదీ కూడా అన్నయ్యతో పోట్లాటే. అయినా లేవకండి.