క్వర్కిల్‌లో బుర్ర పెట్టడానికి ఏముంది?

బ్రాడీపేట_4: అష్టాచెమ్మా, వైకుంఠపాళీ అయిపోయాయి. ఎనిమిదేళ్ల పాప, డెబ్భై ఏళ్ల మామ్మ ఒకే చాపమీద కూర్చుని ఆడేది కావాలి. ఇంగ్లిష్ చదివే పని ఉండకూడదు, గంట దాటకూడదు. క్వర్కిల్ అని 108 బిళ్లల ఆట కనిపించింది. రంగులు కలపడమేనా, ఇంకేమైనా ఉందా?

పటమట_లంక: చాలా ఉందండీ. 6 రంగులు, 6 ఆకారాలు, ఒక్కో జతకి 3 బిళ్లలు, అదీ 108 లెక్క. మిగతావి సంచిలో ఉంటాయి, అది ఖాళీ అయ్యేదాకా చేతిలో ఎప్పుడూ 6. వరసలో రంగు ఒకటైతే ఆకారాలు వేరు కావాలి, ఆకారం ఒకటైతే రంగులు వేరు కావాలి. ఎన్ని బిళ్లల వరసైతే అన్ని పాయింట్లు. ఆరూ నిండితే ఇంకో 6 కలిపి 12.

మూడు ఆకుపచ్చలు అడ్డంగా ఉన్నాయనుకోండి. చివర ఆకుపచ్చ చతురస్రం పెట్టారు, సరిగ్గా దాని కింద ఎర్ర చతురస్రం ఉంది. అడ్డం 4, నిలువు 2, ఒక్క బిళ్లకే 6.

ఐదో బిళ్ల పెట్టి 5 కొట్టామని సంబరపడేవాళ్లే ఓడేది. పక్కవాళ్లు ఆరోది పెట్టి 12 ఎత్తుకుపోతారు. అందుకే ముందు లెక్క చూసుకోవాలి: ఆ ఆరో బిళ్లవి మూడూ పరిచినవాటిలోనే కనిపిస్తుంటే ఇక ఎవరికీ రాదు, నిర్భయంగా పెట్టేయొచ్చు. ఒకటి మీ చేతిలో ఉండి, రెండు ఇప్పటికే పరిచి ఉంటే ఆ 12 ఇంకెవరూ ఎత్తుకుపోలేరు.

బ్రాడీపేట_4: పాప ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి పెడతానంటే?

పటమట_లంక: కుదరదు. ఒక టర్నులో పెట్టేవన్నీ ఒకే వరసలోకి రావాలి. పెట్టడం ఇష్టం లేకపోతే టర్ను వదులుకుని బిళ్లలు మార్చుకోవచ్చు, కొత్తవి తీసుకున్నాకే పాతవి సంచిలో వేయాలి. సంచి ఖాళీ అయ్యాక చేతిలోవి ముందు అయిపోయినవాళ్లకి 6 అదనం.

సత్యనారాయణపురం: నలుగురితో ఆడితే ప్లాన్ నిలవదు, మీ వంతు వచ్చేసరికి పరిచిన వరసలు మారిపోతాయి. ఇద్దరు ముగ్గురైతేనే మజా. కార్కాసోన్ కూడా బిళ్లల ఆటే, 72 ఉంటాయి. కానీ పొలాల లెక్క దగ్గర మామ్మగారు చాప చుట్టేస్తారు.

అరండల్‌పేట_కటింగ్: ముందు ఇంట్లో చేసుకుని చూడండి. 2.5 సెంటీమీటర్ల గళ్లు 9×12 వేస్తే 22.5×30 వస్తుంది, 12×18 అంగుళాల స్టిక్కర్ షీటు ఒక్కటి చాలు. ఫ్లెక్సీలు కొట్టేచోట 5 ఎం.ఎం. సన్‌బోర్డు (గట్టి ఫోమ్ పలక) మీద అంటించి కోయించండి. ఉత్త అట్టముక్కలైతే ఫ్యాను గాలికి వరసలన్నీ చెదిరిపోతాయి. మాట్ ఫినిష్ అడగండి, గ్లాసీ అయితే ట్యూబ్‌లైటు మెరుపు తగిలి రంగు తెలీదు. ప్రింటులో ఎరుపు, నారింజ ఒకేలా రావచ్చు, నారింజ వాటికి మూలన నల్ల చుక్క పెట్టించండి. అంచులు ఎగుడుదిగుడుగా ఉంటే సంచిలో చెయ్యి పెట్టగానే ఏ బిళ్లో తెలిసిపోతుంది, పిల్లలు దాన్ని ముందు కనిపెడతారు. సంచికి ముదురు రంగు జాకెట్టు ముక్క సరిపోతుంది.