నెస్ట్రాయ్‌ని మొదట నటుడనాలా, రచయిత అనాలా?

నాటకాలపిచ్చి:
యోహాన్ నెస్ట్రాయ్ (1801–1862) పేరు ఎక్కడ కనబడినా 'ఆస్ట్రియా నాటక రచయిత' అనే రాస్తారు. ఇది అన్యాయం అనిపిస్తుంది నాకు. ఆయన వేదిక మనిషి. 1822లో వియన్నాలో మోజార్ట్ ఒపెరాలో జరాస్ట్రో పాత్ర పాడి మొదలుపెట్టారు. ఆమ్‌స్టర్‌డామ్, బ్రున్, గ్రాజ్ తిరిగి 1831లో మళ్లీ వియన్నా చేరారు. నాటకాలు రాసుకుంది తను ఆడటానికే.

పాతపుస్తకం:
నేను ఒప్పుకోనండి. ఆయన నటన మనలో ఎవరం చూశాం? మిగిలింది మాటే. 1912లో ఆయన పోయి యాభై ఏళ్లయినప్పుడు వియన్నా వ్యంగ్య రచయిత కార్ల్ క్రౌస్ ప్రసంగం చేసి, ఈయన గొప్పతనం భాషలో ఉందని గట్టిగా వాదించాడు. 1840 నాటి ఆయన నాటకం 'తాయెత్తు' చూడండి. ఎర్రజుట్టని అందరూ ఈసడించిన కుర్రాడు నల్ల విగ్గు పెట్టుకోగానే పైకొస్తాడు. కథ ఫ్రెంచి నాటకం నుంచి తెచ్చుకున్నదే, నిలబెట్టింది మాత్రం ఆ మాటల పదును.

నాటకాలపిచ్చి:
మరి సెన్సార్ సంగతో? అప్పట్లో ప్రతి నాటకాన్నీ ముందే అధికారులకు పంపాలి. వాళ్లు పాస్ చేసిన ప్రతిలో లేని మాట వేదిక మీద అనకూడదు. మాటైతే కొట్టేస్తారు, కనుబొమ్మ ఎగరేయడాన్ని ఎలా కొట్టేస్తారు? ఒక విమర్శకుణ్ని ప్రదర్శన మధ్యలో తిట్టినందుకు 1836లో ఐదు రోజులు జైల్లో ఉన్నారు. ఆ తిట్టు ఏ ప్రతిలో ఉంది?
1833 నాటి ఆయన నాటకం 'లుంపాజివాగాబుండుస్'లో తాగుబోతు చెప్పులు కుట్టేవాడి వేషం ఆయనదే. తోకచుక్క వస్తోంది, ఈ లోకం ఇంకెన్నాళ్లో ఉండదని పాడతాడు. సన్నగా పొడుగ్గా ఈయన, పక్కన దర్జీ వేషంలో లావుపాటి వెంజెల్ షోల్జ్. ఆ జంటను తలుచుకోకుండా ఆ సీన్లు చదవడం నా వల్ల కాదు.

పాతపుస్తకం:
సెన్సార్ మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. 1848లో వియన్నాలో ప్రభుత్వం మీద జరిగిన విప్లవంలో అది పోయింది. ఆ జులై 1న ఆయన నాటకం 'క్రేవింకెల్‌లో స్వేచ్ఛ' ఆడారు. కనుబొమ్మలతో దాచాల్సింది ఏమీ లేదు, అన్నీ నేరుగానే అన్నారు. అయినా ఆ నాటకం బతికే ఉంది కదా? అంటే బలం రాతదే.

నాటకాలపిచ్చి:
ఈ పాయింట్ బలమైనదే, ఒప్పుకుంటాను. కానీ అందులో విలేకరి ఉల్ట్రాగా వేసింది ఎవరు? నెస్ట్రాయే. ఆ ఒక్క పాత్రలోనే పాదిరీగా, రష్యన్ ప్రభువుగా, దౌత్యవేత్తగా వేషాలు మారుస్తాడు. సెన్సార్ లేని రోజున, ఏదైనా రాసుకునే వీలున్నప్పుడు, తన కోసం ఆయన రాసుకున్న పాత్ర అదండీ.