అప్‌డేట్: భీమవరం యాడ్ ఏజెన్సీలో అర్ధరాత్రి పనులు

"మనమంతా ఒకే కుటుంబం" అంటూ అర్ధరాత్రి దాకా డిజైన్లు మార్పించే మా ఆఫీసుతో ఏం చేయాలని ఆమధ్య అడిగాను కదండీ. మీలో కొందరు చెప్పినట్టే ఓనరు గారికి మెయిల్ పెట్టాను. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ షాపులు, సంస్థల చట్టం ప్రకారం పని వారానికి 48 గంటలే, దాటితే రెట్టింపు వేతనం అని రాశాను. కొన్నాళ్లు ముఖం మాడ్చుకుని తిరిగారు. తర్వాత పిలిచి, ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బులు కుదరవు, బదులు సెలవిస్తానన్నారు. అది చట్టంలో మాట కాదని నాకూ తెలుసు.

అసలు ఊరట వేరే ఉంది. మార్పులు రెండుసార్లు దాటితే అదనపు చార్జీ అని క్లయింట్లకిచ్చే కొటేషన్లో చేర్చారు. అంతే, మాటిమాటికీ లోగో సైజు మార్పించే చీరల షోరూమ్ ఆయనకు అది ఒక్కసారిగా నచ్చేసింది!

సంక్రాంతి ఫ్లెక్సీల సీజన్లో ఈ మాట నిలబడుతుందా అని టెన్షన్. అందుకే రాజమండ్రి, కాకినాడల్లో కూడా ఉద్యోగం వెతుకుతున్నాను.