“వైజాగు రేడియో మనది, కటక్ రేడియో సర్కారుది” అనేది మా అమ్మమ్మ. అసలు రేడియో స్టేషన్లకు యజమాని ఎవరు?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి, మనవరాలు)

పోయిన వారం అమ్మమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే పట్టుచీరల కింద అరచేతి వెడల్పు పుస్తకం ఒకటి దొరికింది. తాతయ్య పేరు మీద ఉన్న రేడియో లైసెన్సు పుస్తకం. లోపల ఏడాదికొకటి చొప్పున స్టాంపులు అంటించి, పైన పోస్టాఫీసు వాళ్లు గుండ్రటి ముద్ర కొట్టారు. కొన్ని ముద్రలు సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడ్డాయి. తేదీ కనబడాలంటే పుస్తకాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడాలి. ఒక పేజీలో పసుపు మరక కూడా ఉంది. డబ్బు కట్టి వచ్చిన రోజు తాతయ్య ఆ పుస్తకాన్ని వంటింట్లోనే పెట్టేసేవారట.

ఇంట్లో పాటలు వినడానికి సర్కారుకు డబ్బు కట్టడం ఏమిటని అడిగాను. “కట్టకపోతే సెట్టు పట్టుకుపోతారని భయం ఉండేది. ఎవరూ రాలేదనుకో, అయినా తాతయ్య ఒక్క ఏడూ మానలేదు” అంది. తరువాత తనే అన్న మాట ఇది: “వైజాగు రేడియో మనది. కటక్ రేడియో సర్కారుది. మనది వినడానికి సర్కారుకు కట్టేవాళ్లం.”

నాకు అప్పటి నుంచి ఇదే ఆలోచన. రెండూ ఆకాశవాణివే కదా. నా చిన్నప్పుడు ఈ రెండు స్టేషన్లూ మా సెట్టు మీద పక్కపక్కనే ఉండేవి: విశాఖ 927, కటక్ 972. అంకెలు తిరగేస్తే చాలు, భాష మారిపోయేది. రెండింటికీ యజమాని ఢిల్లీయే అయినప్పుడు అమ్మమ్మకు ఒకటి సొంతమూ ఇంకొకటి పరాయీ ఎందుకయ్యాయి? మొదటి నుంచీ స్టేషన్లన్నీ ఒక్క సంస్థ చేతిలోనే ఉన్నాయా, లేక ఎవరెవరివో కలిపి ఒక్కటి చేశారా? మన గంజాం, కోరాపుట్ వైపు జమీందారులకు గానీ వేరేవాళ్లకు గానీ సొంత స్టేషను ఎప్పుడైనా ఉండేదా? తెలిసిన పెద్దలు చెప్పండి.

జవాబు (బరంపురం నుంచి, పాత రేడియో మరమ్మతుదారు)

అమ్మా, నలభై ఏళ్లు ఆ సెట్లు విప్పి బిగించిన చేతులు ఇవి. ముందుగా మీ 927, 972 గురించి ఒక మాట చెప్పాలి.

సెట్టు లోపల వెనకవైపు నల్లటి సుద్దముక్కలాంటి కడ్డీ ఒకటి ఉంటుంది, దాని మీద సన్నటి రాగితీగ చుట్టి ఉంటుంది. మీడియం వేవుకు అదే ఏరియల్. స్టేషను ఉన్న దిక్కుకు కడ్డీ అడ్డంగా ఉంటే గొంతు నిండుగా వస్తుంది. కడ్డీ కొన స్టేషను వైపు తిరిగిందా, గొంతు సన్నబడిపోతుంది. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. మీ ఊరికీ మా ఊరికీ విశాఖ ఒక కొసన, కటక్ రెండో కొసన, దాదాపు ఒకే గీత మీద ఉంటాయి. కాబట్టి విశాఖకు సరిగ్గా పెట్టిన సెట్టు కటక్‌కూ సరిపోయేది. సెట్టు కదపక్కర్లేదు, ముల్లు జరిపితే చాలు. మిగతా ఊళ్లలో స్టేషను మార్చినప్పుడల్లా సెట్టును అటూ ఇటూ తిప్పుతారు. మన వైపు ఇళ్లలో రేడియో ఏళ్ల తరబడి గూట్లో ఒకే తీరుగా కూర్చునేది. దుకాణానికి తెచ్చిన సెట్ల వెనక దుమ్ము చూసి ఇది నేను కనిపెట్టాను.

ఇక యజమాని సంగతి. మొదట సర్కారుది కాదు. ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ 1927 జూలై 23న బొంబాయిలో, ఆగస్టు 26న కలకత్తాలో స్టేషన్లు తెరిచింది. బొంబాయి స్టేషనును వైస్రాయి ఇర్విన్ ప్రారంభించాడు. లైసెన్సు రుసుములో వాటా, సెట్ల అమ్మకాల మీద రాబడి, వీటితోనే బండి నడవాలి. దేశమంతా కలిపినా లైసెన్సులు ఎనిమిది వేలకు కూడా చేరలేదు. 1930 మార్చిలో కంపెనీ మూతపడింది. ఏప్రిల్ 1న ప్రభుత్వం ఆ రెండు స్టేషన్లనూ తీసుకుంది, అది కూడా ఇష్టంగా కాదు. 1931లో ఖర్చు భరించలేమని మూసేస్తామని ప్రకటించింది కూడా. వినేవాళ్లూ సెట్లు అమ్మేవాళ్లూ గొడవ చేస్తే వెనక్కి తగ్గి, 1932 నుంచి స్థిరంగా నడిపింది. ఆ గొడవ జరగకపోతే ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. లండన్ బీబీసీ నుంచి లయొనెల్ ఫీల్డెన్ వచ్చి పగ్గాలు పట్టాక 1936 జూన్ 8న ఆలిండియా రేడియో అన్న పేరు వచ్చింది. మన పర్లాకిమిడి, బరంపురం మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది కూడా ఆ ఏడాదే, ఏప్రిల్ 1న. అంటే మనం రాష్ట్రం మారిన రెండు నెలలకు రేడియో పేరు మారింది.

మద్రాసులో దారి వేరు. అక్కడ 1924లోనే ఔత్సాహికులు రేడియో క్లబ్బు పెట్టి ప్రసారాలు చేశారు. డబ్బు చాలక 1927లో చేతులెత్తేసి, సామగ్రిని మద్రాసు కార్పొరేషనుకు ఇచ్చేశారు. వీధిదీపాలు, కుళాయిలు చూసుకునే కార్పొరేషను 1930 నుంచి రేడియో నడిపింది! మెరీనా తీరంలో లౌడ్‌స్పీకర్లు పెడితే జనం ఇసుకలో కూర్చుని వినేవారు. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు స్టేషను మొదలైంది. తెలుగువాళ్లకు చాలాకాలం అదే దిక్కు. విజయవాడ 1948 డిసెంబరు 1న, విశాఖ 1963లో వచ్చాయి. మీ తాతయ్య సెట్టు కొన్నది ఆ తరువాతే అయితే, అమ్మమ్మగారికి విశాఖ “మనది” కావడంలో వింత లేదు. ఇంటి గడప దగ్గర తొలిసారి తన భాష వినిపించింది అదే.

జమీందారుల మాట అడిగారు. 1935 భారత ప్రభుత్వ చట్టంలో 129వ సెక్షను ప్రకారం రాష్ట్రాలూ సంస్థానాలూ అడిగితే సొంత స్టేషను పెట్టుకునే వీలును కేంద్రం అకారణంగా నిరాకరించకూడదు. మైసూరు, తిరువాన్కూరు, హైదరాబాదు, బరోడా సంస్థానాలకు సొంత స్టేషన్లు ఉండేవి. మన పర్లాకిమిడి, జయపురం ప్రభువులు ఎంత గొప్పవారైనా మొదట మద్రాసు ప్రెసిడెన్సీలో, తరువాత ఒడిశాలో జమీందారులే, సంస్థానాధీశులు కారు. వాళ్లకు ఆ వీలు లేదు.

జవాబు (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా నుంచి)

బరంపురం పెద్దాయనకు నమస్కారం. హైదరాబాదు మాట వచ్చింది కాబట్టి మా వైపు సంగతి చెబుతాను.

మా ఊరు 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనిదే. ఇప్పుడు మహారాష్ట్ర, అయినా మా మిరపకాయల వ్యాపారమంతా తెలుగులోనే సాగుతుంది. మా తాతగారి నోట “ఆకాశవాణి” అన్న మాట నేను వినలేదు. చివరి దాకా “దక్కన్ రేడియో” అనేవారు. హైదరాబాదులో మొదట ఒక వ్యక్తి సొంతంగా చిన్న స్టేషను నడిపితే, 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. శక్తి 200 వాట్లు, ఇప్పటి ఇస్త్రీపెట్టె వాడుకున్నంత కూడా కాదు. ఔరంగాబాదులో కూడా నిజాంకు స్టేషను ఉండేది. పెత్తనం ఉర్దూదే అయినా తెలుగు, మరాఠీ, కన్నడాలకూ చోటిచ్చారు. 1950 ఏప్రిల్ 1న ఈ సంస్థానాల స్టేషన్లు భారత ప్రభుత్వం కిందికి వచ్చాయి. కొత్త రాజ్యాంగంలో ప్రసారాలు కేంద్ర జాబితాలో, 31వ అంశంలో చేరాయి. ఆ తరువాత రాష్ట్రాలకు రేడియో మీద హక్కు లేదు.

మనవరాలి ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, అవునమ్మా, ఎవరెవరివో కలిపే ఒక్కటి చేశారు. ఇంకొక విశేషం. “ఆకాశవాణి” అన్న పేరు కూడా ఢిల్లీ పుట్టించింది కాదు. 1935లో మైసూరులో గోపాలస్వామి అనే ఆచార్యుడు తన ఇంట్లో పెట్టుకున్న స్టేషనుకు ఆ పేరు పెట్టాడు. స్టేషనుతో పాటు పేరూ పెద్ద సంస్థకు దక్కింది.

జవాబు (రాయగడ నుంచి, కాలేజీ లెక్చరరు)

పెద్దలిద్దరూ చరిత్ర చక్కగా చెప్పారు. అయితే అంతా ఒక్క చేతిలో ఉండటం వల్ల జరిగిన నష్టం కూడా చెప్పాలి, లేకపోతే అమ్మమ్మగారి “సర్కారుది” అన్న మాటకు న్యాయం జరగదు.

1950 దశకంలో కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రిగా ఉన్నప్పుడు సినిమా పాటలను ఆకాశవాణి నుంచి దాదాపు తరిమేశారు. శ్రోతకు ఏది మంచిదో యజమాని నిర్ణయించాడు. శ్రోత ముల్లు తిప్పి రేడియో సిలోన్‌కు వెళ్లిపోయాడు. 1957 అక్టోబరులో వివిధ భారతి పుట్టింది ఆ దెబ్బకే. పక్క దేశపు స్టేషను పోటీ లేకపోతే మనకు ఆ పాటలు దక్కేవి కావు. అత్యవసర పరిస్థితిలో వార్తల సంగతి పెద్దలకు నేను చెప్పనక్కర్లేదు. ఆకాశవాణిని ప్రభుత్వం నుంచి విడదీయమని 1966లో చందా కమిటీ, 1978లో వర్గీస్ కమిటీ చెప్పాయి. అందుకోసం ప్రసార భారతి చట్టం 1990లో చేసి, 1997 దాకా అమలు చేయలేదు. ఈ లోపు 1995లో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. అమ్మమ్మగారు ట్రంకుపెట్టె దగ్గర అన్న మాటా అదే కదా.

అమెరికాలో లెక్క వేరుగా ఉండేది. అక్కడ 1926లో మొదలైన ఎన్‌బీసీ అనే రేడియో సంస్థకు పెద్ద నగరాల్లో కొన్ని స్టేషన్లే సొంతం. మిగతావి ఊళ్లవాళ్లవి, నెట్‌వర్కు కార్యక్రమాలను తీసుకుని వేసుకునేవి. ఒకే సంస్థ రెండు నెట్‌వర్కులు నడపకూడదని అక్కడి ప్రభుత్వం పట్టుబడితే 1943లో ఎన్‌బీసీ తన రెండో నెట్‌వర్కును ఎనభై లక్షల డాలర్లకు అమ్మేసింది. అదే తరువాత ఏబీసీ అయింది. మన దగ్గర మాత్రం స్తంభం, స్టూడియో, గొంతు, వార్త అన్నీ ఒకరివే. 2001లో ప్రైవేటు ఎఫ్ఎంలు వచ్చాక కూడా వాటికి సొంత వార్తలు చెప్పే అనుమతి లేదు.

జవాబు (బరంపురం, మళ్లీ)

లెక్చరరు గారూ, మీరు చెప్పినవి కాదనను. కేస్కర్ కాలపు కోపం మా నాన్నగారికీ ఉండేది. కానీ జయపురం సంగతి ఆలోచించండి. 1960 దశకంలో ఆ కొండల్లో స్టేషను పెడితే ప్రకటన ఇచ్చే వ్యాపారి ఎవరు? లాభం చూసుకునే యజమాని అక్కడికి వచ్చేవాడా? అక్కడ ఒడియా వార్తలతో పాటు కొండవాళ్ల పాటలూ వినిపించాయి. షార్ట్ వేవులో 5040 మీద జయపురాన్ని ఎక్కడెక్కడి దేశాల వాళ్లో పట్టుకుని ఉత్తరాలు రాసేవారు. నా దుకాణానికి గుణుపురం నుంచి ఒక రైతు సెట్టు తెచ్చాడు. బ్యాటరీల మందు కారి అడుగు రేకు తుప్పు పట్టింది, స్పీకరు కాగితం చిరిగింది. కొత్తది కొనుక్కో అన్నాను. “ఇది జయపురానికి అలవాటు పడిన సెట్టు, దీన్నే బాగుచెయ్యి” అన్నాడు. రెండు రోజులు కూర్చుని స్పీకరు కాగితానికి జిగురుతో పట్టీ వేసి ఇచ్చాను. డబ్బు తీసుకోబుద్ధి కాలేదు.

నా కోరికల్లా ఒక్కటే. అన్ని స్టేషన్లూ ఒకరివే అయినప్పుడు సరిహద్దు జిల్లాల వాళ్లను రెండు వైపుల నుంచీ చూసుకోవడం ఆ యజమానికి సులువు. రాష్ట్రాల గీతలు ఆ సంస్థకు అడ్డు కావు. గంజాంలో తెలుగు వినేవాళ్లున్నారని, శ్రీకాకుళంలో ఒడియా వినేవాళ్లున్నారని కార్యక్రమాలు రాసేవాళ్లు మనసులో పెట్టుకుంటే చాలు.

ప్రశ్న అడిగిన మనవరాలు (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి ఇవన్నీ అమ్మమ్మకు చదివి వినిపించాను. కడ్డీ మాట రాగానే లేచి కూర్చుంది. మా పాత ఇంట్లో రేడియో గూడు మూల కిటికీ పక్కన ఉండేదట. ఒకసారి సున్నాలు వేయడానికి సెట్టు తీసి వేరే గోడ దగ్గర పెడితే రెండు స్టేషన్లూ మూలిగాయట, తాతయ్య అందరినీ కసిరి మళ్లీ గూట్లోనే పెట్టించారట. ఎందుకలా అయిందో ఇన్నాళ్లకు తెలిసిందని బరంపురం తాతగారికి చెప్పమంది. రాయగడ మాస్టారి సుప్రీంకోర్టు మాట రెండుసార్లు చదివించుకుంది.

ధర్మాబాద్ బాబాయి గారూ, మీ తాతగారి కాలం నాటి లైసెన్సు కాగితం ఏదైనా మీ ఇంట్లో ఉంటే, నిజాం ముద్రతో ఉందేమో చూసి చెప్పండి. మా పుస్తకం పేజీలు ఆదివారం పగటి వెలుగులో ఫొటోలు తీసి ఇక్కడ పెడతాను. మొదటి పేజీలో మా ఊరి పేరు పక్కన గంజాం జిల్లా అని ఉంది. గజపతి జిల్లా 1992లో కదా వచ్చింది, అప్పటికి తాతయ్య లేరు.