క్లాసిక్ రాక్ కొత్తగా వినేవాళ్లు హిట్స్‌తో మొదలుపెట్టాలా, ఆల్బమ్‌తోనా?

చెవిలోపువ్వు: సినిమా పాటలు తప్ప వేరేవి ఎరగని చెవి. 1965 నుంచి 1980 దాకా వచ్చిన రాక్ వినాలి. కొందరు 50 హిట్ల ప్లేలిస్ట్ పెట్టుకోమంటున్నారు, కొందరు ఒక్క ఆల్బమ్ పట్టుకుని మొదటినుంచి చివరిదాకా వినమంటున్నారు. దగ్గరున్నవి ఫోనూ, చవక ఇయర్‌బడ్సూ. ఏది దారి? వాదించుకోండి, చదువుతాను.

రెండోవైపు: ఆల్బమే, సందేహం లేదు. ఎల్పీ రికార్డు ఒక వైపు దాదాపు 20, 22 నిమిషాలు పట్టేది. ఆ కొలతకే పాటల వరస పేర్చారు. పింక్ ఫ్లాయిడ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' (1973) దాదాపు 43 నిమిషాలు. అందులో చాలా పాటలు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తాయి. బీటిల్స్ 'అబీ రోడ్' (1969) రెండో వైపున ఉన్న 16 నిమిషాల పాటల గొలుసూ అంతే. వీటిని షఫుల్‌లో వినడమంటే హరికథలో మధ్య పేజీలు చింపి చదవడమే.

వినే ముందు యాప్ సెట్టింగుల్లో మూడు చూసుకోండి. షఫుల్ ఆపాలి. క్రాస్‌ఫేడ్ సున్నా చెయ్యాలి, లేకపోతే పాట చివర కావాలని వదిలిన నిశ్శబ్దం మీదికి తర్వాతి పాట ఎక్కేస్తుంది. గ్యాప్‌లెస్ (పాటకీ పాటకీ మధ్య ఖాళీ రాకుండా చేసేది) ఆన్‌లో ఉండాలి. ఉచిత యూట్యూబ్‌లో ఇవన్నీ చూసుకున్నా మధ్యలో ప్రకటన వచ్చి కొంప ముంచుతుంది.

ఇంకో జాగ్రత్త. 'డార్క్ సైడ్' గుండె చప్పుడుతో చాలా మెల్లగా మొదలవుతుంది. వినపడట్లేదని వాల్యూమ్ పెంచకండి. నాలుగో పాట 'టైమ్' మొదట్లో గడియారాలన్నీ ఒక్కసారి మోగుతాయి, చెవి అదిరిపోతుంది.

హిట్టుబండి: అన్నా, కొత్తోని చేతిల పింక్ ఫ్లాయిడ్ పెడ్తే పారిపోతడు. 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్' (1975)ల 8 నిమిషాలు దాటినంకనే గొంతు వినొస్తది. అప్పటిదాంక సినిమా పాట రెండుసార్లు అయిపోతది.

ఇగ ఆల్బమ్‌లే వింటే ఏం పోతదో చెప్తా. ఆ రోజులల్ల బ్రిటన్ బ్యాండ్లు సింగిల్ (విడిగ అమ్మే చిన్న రికార్డు) పాటను చానసార్లు ఆల్బమ్‌ల పెట్టకపోయేది. 'హే జూడ్' (1968) బీటిల్స్ స్టూడియో ఆల్బమ్ ఒక్కదాంట్ల గూడ లేదు. రోలింగ్ స్టోన్స్‌ది 'జంపిన్ జాక్ ఫ్లాష్' (1968), 'హాంకీ టాంక్ విమెన్' (1969) గూడ గంతే. వాళ్ల ఆల్బమ్ 'లెట్ ఇట్ బ్లీడ్'ల 'హాంకీ టాంక్ విమెన్'నే 'కంట్రీ హాంక్' అని వేరే తీరు పాడిన రూపం ఉంటది, అసలుది ఉండదు. స్టోన్స్‌కు 'హాట్ రాక్స్' సంకలనం (హిట్లన్నీ ఒక్కకాడ పెట్టింది) తీసుకో, 1964 నుంచి 1971 దాంక దొరుకుతది.

క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్‌కైతే సంకలనమే సరైన తొవ్వ. 'క్రానికల్' (1976)ల 20 పాటలు, చానమట్టుకు రెండు మూడు నిమిషాలవే. గిటారు సాఫుగ వినొస్తది, మాట అర్థమైతది. మొదలుపెట్టెటోనికి ఇంతకంటె సుఖమైంది లేదు.

రెండోవైపు: సంకలనంలో గోతులున్నాయి, అవీ చెప్పండి మరి. ఈగల్స్ 'దెయిర్ గ్రేటెస్ట్ హిట్స్ 1971–1975' అమెరికాలో విపరీతంగా అమ్ముడైన ఆల్బమ్. అది కొని 'హోటల్ కాలిఫోర్నియా' కోసం వెతికితే ఉండదు. ఆ పాట సంకలనం తర్వాత, 1976 డిసెంబరులో వచ్చిన ఆల్బమ్‌లోది.

రెండోది కత్తిరింపులు. డోర్స్ 'లైట్ మై ఫైర్' ఆల్బమ్‌లో 7 నిమిషాలు. రేడియో కోసం కోసిన సింగిల్ 3 నిమిషాల లోపే. పోయింది ఆర్గనూ గిటారూ చేసే స్వైరవిహారం, అంటే పాటకు ప్రాణం. మీరు మెచ్చుకున్న 'క్రానికల్'లోనూ 'సూజీ క్యూ' సగమే ఉంది. అందుకే పాట నిడివి చూసి మరీ నొక్కాలి.

హిట్టుబండి: సగం గోతులు ఒప్పుకుంటున్న. ఇంకోటి నేనే కలుపుత. పేరు పక్కన 'రీ-రికార్డెడ్' అని ఉంటే ముట్టొద్దు. చాన ఏండ్లకు హక్కుల కోసం మళ్ల పాడినయి అవి, గొంతుల ఆ పదును ఉండది. గని ఆల్బమ్‌ల మాత్రం గోతుల్లేవా? 'సూపర్ డీలక్స్' అని పెట్టిన ఎడిషన్ నొక్కితే 40 నిమిషాల సరుకు మూడు గంటలైతది. ఫ్లీట్‌వుడ్ మాక్ 'రూమర్స్' (1977) అసలు 11 పాటలే. 'గోల్డ్ డస్ట్ ఉమన్' అయినంక ఆపెయ్యాలె. మిగిలినయి రిహార్సల్ ముక్కలు, అభిమానుల కోసం.

తకధిమి: హిట్సా ఆల్బమా అని కొట్టుకుంటున్నారు గానీ, సినిమా పాట చెవికి అడ్డం తగిలేది వేరండి. మన పాటలో గొంతు ముందుంటుంది, వాద్యాలు వెనక నడుస్తాయి. పల్లవి, బీజీఎం, చరణం అని చెవి ఎదురుచూస్తుంది. ఇక్కడ గొంతుకీ గిటారుకీ సమాన పీట. మాట తెలియలేదని గొంతునే వెంబడిస్తే పాట చేజారుతుంది. రిఫ్‌ని పట్టుకోండి. అంటే మళ్లీ మళ్లీ తిరిగొచ్చే చిన్న గిటారు వరస. చాలా పాటల్లో పల్లవి పని చేసేది అదే. డీప్ పర్పుల్ 'స్మోక్ ఆన్ ద వాటర్' (1972)లో గొంతు రాకముందే రిఫ్ నోటికొచ్చేస్తుంది.

లెక్క తెలిసినవాళ్లకి ఒక తాయిలం. 'డార్క్ సైడ్'లోని 'మనీ'కి తకిట తకధిమి అని ఏడు వేసుకుంటూ వెళ్లండి, సరిపోతుంది. శాక్సఫోన్ సోలో కూడా ఏడులోనే. గిటారు సోలో రాగానే నాలుగుకి మారుతుంది. ఆ మలుపు దగ్గర చెయ్యి తడబడకుండా వేస్తే సగం రాక్ వచ్చేసినట్టే.

రెండోవైపు: ఏడు సరే గానీ, దాన్ని మిశ్రచాపు (కర్ణాటక సంగీతంలో ఒక ఏడు లెక్కల తాళం) అనేయకండి. చాపు నడకలో ఉండే ఊపు వేరు. ఇది నింపాదిగా నడిచే ఏడు, ఇంకో ఏడు లెక్కల తాళం తిస్రజాతి త్రిపుటకి దగ్గర.

తకధిమి: నేను చాపు అనే అనలేదండీ. లెక్క ఏడు అన్నాను.

మోనోమావయ్య: అందరూ ఇయర్‌బడ్స్ సంగతి వదిలేశారు. బీటిల్స్ మొదటి రెండు ఆల్బమ్‌లు రెండు ట్రాకుల టేపు మీద చేసినవి. స్టీరియోలో వాద్యాలు ఎడమకీ, గొంతులు కుడికీ పోతాయి. ఒక్క బడ్ పెట్టుకుని వింటే పాడేవాళ్లు మాయం, లేదా గిటార్లు మాయం. పాట బాగాలేదని తోసెయ్యకముందు ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో 'మోనో ఆడియో' (రెండు చెవులకీ అంతా కలిపి వినిపించేది) ఆన్ చెయ్యండి. లేదా 2023లో మళ్లీ మిక్స్ చేసిన '1962–1966' సంకలనం పట్టుకోండి. అది 38 పాటలు. టేపులో అతుక్కుపోయిన గొంతుల్నీ వాద్యాల్నీ కంప్యూటర్ సాయంతో విడదీసి పేర్చారు కాబట్టి హెడ్‌ఫోన్‌లో హాయిగా ఉంటుంది.

బేస్ గిటారు అడుగు తీగ దాదాపు 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ అంత లోతుకి దిగలేదు. లెడ్ జెప్లిన్‌ని ఫోన్ స్పీకర్లో విని పల్చగా ఉందంటే తప్పు బ్యాండుది కాదు. అలాగని ఈక్వలైజర్లో 'బేస్ బూస్ట్' పెట్టడమూ తప్పే. ఆ దశకం రికార్డింగుల్లో బేస్, కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) పక్కపక్కనే ఉంటాయి. బూస్ట్ చేస్తే రెండూ కలిసి బురదవుతాయి. ఈక్వలైజర్ ఫ్లాట్‌లో (ఏదీ పెంచకుండా, తగ్గించకుండా) పెట్టి, బడ్ రబ్బరు సైజు మార్చి చూడండి. చెవికి బిగుతుగా పట్టకపోతే ముందు పోయేది బేసే.

చెవిలోపువ్వు: దేంతో మొదలుపెట్టాలో ఇప్పటికీ తేలలేదు!

హిట్టుబండి: 'క్రానికల్' ఒక వారం. ఎన్కనుంచి స్టోన్స్. ఆల్బమ్ ముచ్చట నెలకు చూస్కుందాం.

రెండోవైపు: నెలకి హిట్లు అరిగిపోయి విసుగొస్తుంది. పొట్టి ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. డీప్ పర్పుల్ 'మెషీన్ హెడ్' ఏడే పాటలు, 40 నిమిషాల లోపు. తర్వాత జెప్లిన్ నాలుగో ఆల్బమ్ (1971), ఎనిమిది పాటలు. 'స్టెయిర్‌వే టు హెవెన్' నాలుగోది, మొదటి వైపు దాంతోనే ముగుస్తుంది. అది అవగానే పాజ్ నొక్కి, లేచి మంచినీళ్లు తాగి రండి. రికార్డు తిప్పేవాళ్లకి ఆ విరామం దానంతటదే దొరికేది. ఎనిమిది నిమిషాల ఆ పాట మీదికి వెంటనే 'మిస్టీ మౌంటెన్ హాప్' దూకితే దేని రుచీ మిగలదు.

మోనోమావయ్య: నా ఓటు 1966కి ముందు హిట్స్‌కి, తర్వాత ఆల్బమ్‌కి. క్రీడెన్స్ లాంటి సింగిల్స్ బ్యాండ్లకి మాత్రం ఎప్పుడైనా హిట్సే. హిట్టుబండి గారు 'క్రానికల్' విషయంలో గెలిచినట్టే.

చెవిలోపువ్వు: 'మెషీన్ హెడ్' పెట్టాను. షఫుల్ ఆపాను, బూస్ట్ తీసేశాను. రెండో వైపు ఎక్కడ మొదలవుతుంది?

రెండోవైపు: ఐదో పాట. 'స్మోక్ ఆన్ ద వాటర్'తో.