డిస్‌ప్లేస్డ్ అని డాక్టరు రాయలేదు, ఎర్రరు మాత్రం నాకు పడింది. ఎల్బో ఫ్రాక్చర్ చార్టులు చేసేవాళ్ళు ఒకసారి చూడండి

జీడిపిక్క, పలాస:

నమస్తే అండి. కంపెనీ వైజాగ్‌ది, పని పలాసలో ఇంటి నుంచే: అమెరికా ఆస్పత్రుల చార్టులు చదివి, బిల్లు కోసం జబ్బుకీ వైద్యానికీ కోడ్లు వేసే మెడికల్ కోడింగ్. మొన్నటిదాకా రేడియాలజీ చార్టులు చేశాను, ఆర్థోలోకి మార్చి ఐదు వారాలైంది. నిన్న ఆడిట్ షీటు వచ్చింది. ఒకే పిల్లాడి మీద రెండు ఎర్రర్లు.

పిల్లాడికి ఆరేళ్ళు, ఉండేది అమెరికా. జంగిల్ జిమ్ మీంచి పడ్డాడు. ఈఆర్ (ఎమర్జెన్సీ) డాక్టరు రాసింది ఇంతే: ఎడమ సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్ (మోచేతికి కాస్త పైన ఎముక విరగడం), లాంగ్ ఆర్మ్ స్ప్లింట్ వేశాం, ఆర్థోకి పంపాం. ఎముక జరిగిందా లేదా అన్నది ఎక్కడా లేదు. నేను నాన్‌డిస్‌ప్లేస్డ్, అంటే జరగలేదు అనుకుని ఆ కోడు ఎస్42.415ఏ వేశాను. ఆడిటరు డిస్‌ప్లేస్డ్ కోడు ఎస్42.412ఏ అన్నారు.

అలా ఎందుకు వేశానంటే, పోయిన వేసవిలో మా అక్క కొడుకు జీడితోటలో చెట్టెక్కి పడ్డాడు. గుంటడికి అదే చెయ్యి, అదే ఎముక. శ్రీకాకుళం తీసుకెళ్తే డాక్టరుగారు ఫిల్మ్‌ని లైటుకి పెట్టి, పెన్ను మొనతో సన్న గీత ఒకటి చూపించి, "ఎముక జరగలేదమ్మా, కట్టు చాలు" అన్నారు. మూడు వారాలు కట్టు, అంతే. అది నా బుర్రలో ఉండిపోయింది. జరిగుంటే లాగి సరిచేస్తారు కదా, ఉత్త స్ప్లింట్ వేసి పంపారంటే జరగలేదనే కదా అనుకున్నాను.

మూడో రోజు ఆర్థో సర్జన్ చెయ్యి కొయ్యకుండానే ఎముక సరిచేసి, చర్మంలోంచి రెండు పిన్నులు గుచ్చారు. దానికి సీపీటీ (చేసిన వైద్యానికి వేసే కోడు) 24538 వేశాను, దాన్ని తప్పు పట్టలేదు. అక్కడ డిస్‌ప్లేస్డ్ అని కూడా స్పష్టంగా రాశారు. కానీ ఈఆర్‌లో ఒకసారి చూసేశారు, ఇది రెండోసారి కదా అని జబ్బు కోడు చివర ఏ బదులు డి పెట్టాను. అదీ తప్పేనట.

ఏటి లాజిక్కండీ ఇది? రిబట్టల్‌కి (ఆడిట్ మీద అభ్యంతరం పెట్టడానికి) రేపు సాయంత్రం వరకే టైముంది.

ఆడిట్‌బల్ల, విజయనగరం:

రిబట్టల్ పెట్టకమ్మా, నిలబడదు. రెండూ నిజంగానే తప్పులు. మొదటి ఏడాది నేనూ ఇవే చేశాను.

ఐసీడీ-10-సీఎం (జబ్బు కోడ్ల పుస్తకం) గైడ్‌లైన్స్‌లో 19వ చాప్టర్, ఫ్రాక్చర్ల భాగం తియ్యి. ఓపెనా (చర్మం చీలిందా) క్లోజ్డా రాయకపోతే క్లోజ్డ్. జరిగిందో లేదో రాయకపోతే డిస్‌ప్లేస్డ్. ఇండెక్స్‌లో కూడా సుప్రాకాండైలర్ పక్కన డిస్‌ప్లేస్డ్ అన్న మాట బ్రాకెట్లో ఉంటుంది. బ్రాకెట్లో మాట డాక్టరు రాసినా రాయకపోయినా కోడు మారదు. నాన్‌డిస్‌ప్లేస్డ్ అలా కాదు, ఆ మాట నోట్‌లో కనబడితేనే వెయ్యాలి. స్ప్లింట్‌ని బట్టి ఊహించడం మన పని కాదు.

ఇక ఏ, డి గొడవ. ఇనిషియల్ అన్న పేరు చూసి అందరూ పడతారు. ఏ అంటే మొదటి విజిట్ అని కాదు, యాక్టివ్ ట్రీట్‌మెంట్ నడుస్తోందని. ఈఆర్‌లో ఏ. మూడో రోజు కొత్త డాక్టరు చూసి పిన్నులు వేశాడు, అదీ ఏనే. అసలు వైద్యం అయిపోయి ఎముక అతుక్కునే దశలో చూస్తే డి. ఆలస్యంగా అతుకుతుంటే జి, అతకకపోతే కె, వంకరగా అతికితే పి. ఇంకో మాట, మామూలు ఫాలోఅప్‌కి జెడ్‌తో మొదలయ్యే ఆఫ్టర్‌కేర్ కోడు తగిలించకు, గాయాలకి అది పనికిరాదు.

బొబ్బిలి పిండికట్టు:

నేను కోడర్ని కాను, ఆర్థో ఓటీలో పని. మా ఆవిడ కోడింగ్ చేస్తుంది, ఆవిడ లాగిన్‌లోంచి రాస్తున్నాను.

చెల్లెమ్మా, స్ప్లింట్ చూసి ఎముక జరగలేదు అనుకోవడం మాత్రం ప్రమాదం. బాగా జరిగిన ఎముకనే ఈఆర్‌లో ఎక్కువ కదపరు. ఉన్నది ఉన్నట్టు స్ప్లింట్‌లో పెట్టి సర్జన్‌కి అప్పజెప్తారు. మోచేతి ముందు రక్తనాళం, నరాలు అక్కడే ఉంటాయి మరి. మేమైతే ముందు మణికట్టు దగ్గర నాడి చూస్తాం, తర్వాత పిల్లాడిని బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టమంటాం. సున్నా గుండ్రంగా రాకుండా వేళ్ళు చదునుగా ఆనుకున్నాయంటే లోపల నరం దెబ్బతిందని అనుమానం. ఏడుస్తున్న పిల్లాడి చేత సున్నా చుట్టించడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. మన వైపు ముందు నాటుకట్టు బిగించి, వేళ్ళు నల్లబడ్డాక తెచ్చేవాళ్ళూ ఉన్నారు, ఆ సంగతి వేరే.

ఎముక ఎంత జరిగిందో చెప్పడానికి సర్జన్లు వాడేది గార్ట్‌లాండ్ టైపులు, 1959 నుంచీ ఉన్నవే. ఒకటి జరగనిది, రెండు వంగినా వెనక పొర తెగనిది, మూడు పూర్తిగా విడిపోయింది.

జీడిపిక్క, పలాస:

అన్నయ్యా, అర్థమైంది. ఆడిట్ మేడమ్, మరి నోట్‌లో గార్ట్‌లాండ్ టైప్ 1 అని మాత్రమే ఉంటే నాన్‌డిస్‌ప్లేస్డ్ వేసేయొచ్చా?

ఆడిట్‌బల్ల, విజయనగరం:

అర్థం అదే అయినా మా టీములో క్వెరీ పెడతాం, అంటే డాక్టర్నే అడుగుతాం. ఎస్42.41 కోడ్లలో టైపు నంబర్లేవీ లేవు. డాక్టరు చేత ఒక్క మాట రాయించుకుంటే ఏ ఆడిటరూ అడగడు.

చీపురుపల్లి నైట్‌షిఫ్ట్:

క్వెరీ పెడితే జవాబు ఎప్పటికొస్తుందండీ! ఈలోగా టార్గెట్ ఎవడు కడతాడు? సరే, ఇది కూడా చూసుకోండి. ఈఆర్ నోట్‌లో "ఫ్రాక్చర్ అనుమానం, వెనక ఫ్యాట్ ప్యాడ్ కనబడుతోంది" (ఎక్స్‌రేలో కొవ్వు పొర తేలడం, ఎముక విరిగి ఉండొచ్చనే గుర్తు) అని ఆపేస్తే ఫ్రాక్చర్ కోడు వెయ్యకూడదు. అవుట్‌పేషెంట్‌లో అనుమానాలకి కోడు లేదు. ఎడమ మోచేతి గాయం, ఎస్59.902ఏ దగ్గరే ఆగాలి. నాకు పోయిన నెల పడింది ఇదే. ఓలెక్రానన్ (మోచేతి వెనక మొన ఎముక) వచ్చినప్పుడు కూడా జాగ్రత్త, అది ఎస్52. అక్కడ ఓపెన్ అయితే గస్టిలో రకాన్ని (గాయం ఎంత తీవ్రమో చెప్పే వర్గాన్ని) బట్టి బి, సి అని విడిపోతుంది. ఎస్42లో ఓపెన్ అంటే బి ఒక్కటే.

జీడిపిక్క, పలాస:

రిబట్టల్ మానేశాను. అదే పిల్లాడి నాలుగో వారం చార్టు ఇప్పుడే నా క్యూలో పడింది. అదే సర్జను, పిన్నులు తీశారు, ఎముక బాగా అతుకుతోందని రాశారు. ఎస్42.412డి వేశాను. 24538కి 90 రోజుల గ్లోబల్ ఉంది (అన్ని రోజుల ఫాలోఅప్ ఆ ఆపరేషన్ బిల్లులోనే కలిసిపోతుంది) కాబట్టి విజిట్‌కి విడిగా డబ్బు పడని 99024. ఇక్కడ ఈదురుగాలి మొదలైంది, కరెంటు పోయేలోపు సబ్మిట్ కొట్టేస్తాను.