తీరంలో ఇంటి ఫ్రేముకు అల్యూమినియం వాడితే పర్యావరణానికి మేలేనా?

భీమిలి_తీరం: మాది బీచ్‌కి దగ్గర ఇల్లు. డాబా మీద గదికి ఫ్రేము వేయించాలి. పాత ఇనుప షెడ్డు ఉప్పుగాలికి పొరలు పొరలుగా ఊడిపోయింది. ఈసారి అల్యూమినియం వేసుకోండి, తుప్పు పట్టదు, కరిగించి మళ్లీ వాడొచ్చు, పర్యావరణానికీ మంచిది అంటున్నారు. నిజమేనా?

దూలం_లెక్క: కిటికీలకు సరే, దూలాలకు వద్దు. ఖనిజం నుంచి కిలో అల్యూమినియం తీయడానికి దాదాపు 14 యూనిట్ల కరెంటు పడుతుంది. మన దేశంలో ఆ కరెంటు ఎక్కువగా బొగ్గుదే. ఒడిశాలోని అంగుల్‌లో ప్రభుత్వ కంపెనీ నాల్కో స్మెల్టర్ (అల్యూమినియం తీసే కర్మాగారం) నడిచేదీ సొంత బొగ్గు ప్లాంటు మీదే. టన్ను స్టీలుకు రెండు టన్నులకు కాస్త పైన కార్బన్ డయాక్సైడ్ వెలువడితే, బొగ్గు కరెంటుతో తీసిన టన్ను అల్యూమినియానికి 15 టన్నుల పైమాటే.

అల్యూమినియం బరువు స్టీలులో మూడో వంతే కదా అంటారు. స్టిఫ్‌నెస్, అంటే వంగకుండా నిలిచే గుణం కూడా మూడో వంతే: స్టీలుకు 200 గిగాపాస్కల్స్ (ఆ గుణాన్ని కొలిచే యూనిట్లు), దీనికి 70. అదే సైజు దూలం వేస్తే మూడు రెట్లు వంగుతుంది. వంగకుండా ఉండాలంటే సెక్షన్ లోతు (దూలం ఎత్తు) పెంచాలి, అప్పుడు బరువులో మిగిలేది సగం. సగం బరువుతో లెక్కేసినా కార్బన్ స్టీలుకి మూడింతలు.

గాలివాన: మీరు మొదటి రోజు లెక్క ఒక్కటే చూస్తున్నారండీ. స్టీలుకి ఏటేటా గీకుడు, రంగు, చివరికి మార్పు. కెనడాలోని క్యూబెక్‌లో అర్విడా వంతెన పూర్తిగా అల్యూమినియమే, 1950లో కట్టారు, ఇప్పటికీ ఉంది. పాత లోహం కరిగించడానికి కొత్తదానికి పట్టే శక్తిలో 5 శాతం చాలు.

మన్యం_గెడ్డ: ఆ 5 శాతం మాట వినీ వినీ విసిగిపోయాం. భవనాల్లోకి వెళ్లిన అల్యూమినియం దశాబ్దాల దాకా బయటికి రాదు. పాత తుక్కు ఎంతున్నా డిమాండుకు చాలదు, మిగతాదంతా కొండలు తవ్వి తీయాల్సిందే. చింతపల్లి, జెర్రెల కొండల్లో బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వకాలకు 2015లో జీవో 97 వచ్చినప్పుడు మా ఊళ్లన్నీ రోడ్డెక్కాయి. 2019లో రద్దయ్యేదాకా ఊరుకోలేదు. మా గెడ్డల్లో పారేది ఆ కొండల ఊటే. బాక్సైట్ నుంచి టన్ను అల్యూమినా (అల్యూమినియానికి ముడిసరుకైన తెల్లపొడి) తీస్తే ఇంచుమించు అంతే ఎర్ర బురద మిగులుతుంది, దానిలో క్షారం. 2010లో హంగరీలోని అయికాలో ఆ బురద చెరువు గట్టు తెగి పదిమంది చనిపోయారు. ఇనుమూ గనుల నుంచే వస్తుంది, ఛత్తీస్‌గఢ్‌లో బైలదిల్లా ఇనుప గనుల సంగతి తెలుసు. అయినా అవసరం లేని చోట ఈ లోహం వాడి మంచి పని చేశాం అనుకోవడం నాకు బాధగా ఉంది.

గాలివాన: కొండల సంగతి కాదనను. కానీ బీచ్ ఎదురుగా స్టీలుకు వేసే జింకు పూత కూడా త్వరగా అరిగిపోతుంది. అక్కడ మీ సలహా ఏంటి?

దూలం_లెక్క: కోతలు, రంధ్రాలు, వెల్డింగ్ అన్నీ అయ్యాకే ఫ్రేమును హాట్ డిప్ గాల్వనైజింగ్‌కు (కరిగిన జింకులో ముంచి పూత వేయడానికి) పంపండి, పైన ఎపాక్సీ రంగు వేయించండి. మనవాళ్లు ముందే జింకు పూత వేసిన జీఐ పైపు తెచ్చి సైట్లో వెల్డ్ చేస్తారు, పూత కాలిపోయిన ఆ అతుకు దగ్గరే తుప్పు మొదలవుతుంది. అల్యూమినియమే కావాలంటే వెల్డింగ్ కాకుండా బోల్టులతో బిగించమనండి. ఫ్రేములకు వాడే 6061-టీ6 రకం అల్యూమినియానికి వెల్డు పక్కన బలం బాగా పడిపోతుంది. అమ్మేవాణ్ణి తుక్కు శాతం ఎంతో కాగితం మీద రాసిమ్మనండి. ఇవ్వకపోతే అది బొగ్గు లోహమనే లెక్కేసుకోండి.